కాంతి నుండి ప్రాణశక్తికి: కిరణజన్య సంయోగక్రియ, శ్వాసక్రియల ఏకసూత్రత

శక్తి అనగా పని చేయగల సామర్థ్యం. జీవుల విషయంలో పని అనే మాటకు పరిధి చాలా విస్తృతమైనది. కండరం ముడుచుకోవడం, నాడి వెంట ప్రచోదనం సాగిపోవడం, వేరు నేలలోని లవణాలను లోనికి గ్రహించడం, విత్తనం మొలకెత్తడం, కణం తన ప్రోటీన్లను తానే నిర్మించుకోవడం, ఇవన్నీ పనులే. గాఢనిద్రలో ఉన్న మనిషి దేహంలో సైతం ఇవి ఒక్క క్షణం ఆగవు. ఇందుకు కావలసిన శక్తిని ఏ జీవీ సృష్టించుకోలేదు. ఉష్ణగతిక శాస్త్రపు మొదటి నియమం ప్రకారం శక్తి పుట్టదు, నశించదు, రూపం మాత్రమే మారుతుంది. రెండవ నియమం ప్రకారం అలా రూపం మారిన ప్రతిసారీ దానిలో కొంత భాగం తిరిగి పనికి అక్కరకు రాని ఉష్ణంగా చెదరిపోతుంది. అందువల్ల కార్బన్, నత్రజని, నీరు వంటి పదార్థాలు జీవలోకంలో చక్రంలా తిరుగుతూ ఉంటాయి గాని శక్తి అలా తిరగదు. సూర్యుని నుండి బయలుదేరి, జీవుల గుండా ప్రవహించి, చివరకు ఉష్ణరూపంలో అంతరిక్షంలోకి వెడలిపోతుంది. ఈ ప్రవాహాన్ని జీవులు ఎక్కడ పట్టుకుంటున్నాయి, ఎలా విడుదల చేసుకుంటున్నాయి అన్నదే ఈ వ్యాస విషయం.

ముందుగా నిర్వచనాలు. పత్రహరితం గల కణాలు కాంతిశక్తిని శోషించుకొని, ఆ శక్తితో నీటి నుండి ఎలక్ట్రాన్లను వేరుచేసి, వాటి సాయంతో కార్బన్ డయాక్సైడును పిండిపదార్థాలుగా క్షయకరణం చేసే ప్రక్రియ కిరణజన్య సంయోగక్రియ. కణాలు సేంద్రియ పదార్థాలను అంచెలంచెలుగా ఆక్సీకరించి, వాటిలోని శక్తిని తాము వినియోగించుకోగల రూపంలోకి మార్చుకొనే ప్రక్రియ శ్వాసక్రియ. ఒక పదార్థం ఎలక్ట్రాన్లను కోల్పోతే ఆక్సీకరణం, గ్రహిస్తే క్షయకరణం. ఈ రెండు మాటలను పాఠకుడు గట్టిగా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ముందు చెప్పబోయేదంతా వీటి మీదనే నిలిచి ఉంది. ఊపిరితిత్తులతో గాలి పీల్చి వదలడాన్ని వ్యవహారంలో శ్వాస అంటున్నాం గాని, శాస్త్రార్థంలో అది వాయువుల మార్పిడి మాత్రమే. అసలు శ్వాసక్రియ ప్రతి కణంలోనూ జరుగుతుంది, ఊపిరితిత్తులు లేని వానపాములోనూ, ఈస్టులోనూ, మర్రి ఊడలోనూ జరుగుతుంది. తమ ఆహారాన్ని కార్బన్ డయాక్సైడు నుండి తామే నిర్మించుకొనేవి స్వయంపోషకాలు, ఇతర జీవులు నిర్మించిన సేంద్రియ పదార్థాలపై ఆధారపడేవి పరపోషకాలు. స్వయంపోషకాలలో కాంతిని కాక గంధకం, ఇనుము, అమోనియా వంటి నిరింద్రియ పదార్థాల ఆక్సీకరణాన్ని ఆధారం చేసుకొనే బాక్టీరియాలు కూడా ఉన్నాయి. ఈ విభజన పోషణకు సంబంధించినదే గాని శక్తి విడుదలకు సంబంధించినది కాదు. మొక్క కూడా తాను నిర్మించుకున్న ఆహారాన్ని శ్వాసక్రియ ద్వారానే వాడుకోవాలి.

పాఠశాలలో ఈ విషయం రెండు సమీకరణాలుగా నేర్పబడుతుంది. కార్బన్ డయాక్సైడు, నీరు, కాంతి కలిస్తే గ్లూకోజు, ఆక్సిజన్. గ్లూకోజు, ఆక్సిజన్ కలిస్తే కార్బన్ డయాక్సైడు, నీరు, శక్తి. ఒకదాన్ని తిరగరాస్తే మరొకటి వచ్చినట్లు కనిపిస్తుంది. లెక్కకు ఇది సరియైనదే, కాని దీన్ని కంఠస్థం చేసిన విద్యార్థి మనసులో రెండు అపోహలు నాటుకుంటాయి: ఈ రెండు క్రియలూ పరస్పర విరుద్ధాలనీ, మొక్క పగలు ఒకటి, రాత్రి మరొకటి చేస్తుందనీ. నిజానికి ఒకటి మరొకదాన్ని వెనక్కు నడపడం కాదు. రెండింటి మార్గాలు వేరు, ఎంజైములు వేరు, జరిగే స్థలాలు వేరు. అయినా రెండింటి అంతర్భాగంలో శక్తిని పట్టే యంత్రాంగం మాత్రం ఒక్కటే. ఈ ఏకత్వాన్ని గుర్తించడానికి శాస్త్రానికి రెండు శతాబ్దాలు పట్టింది, దాన్ని తెలుసుకోకుండా ఈ విషయాన్ని చదవడం అసంపూర్ణమని నా దృఢాభిప్రాయం.

ఆ చరిత్రను మొదటి నుండి చూద్దాం. బెల్జియం ప్రాంతపు వైద్యుడు వాన్ హెల్మాంట్ ఎండబెట్టి తూచిన మట్టిలో ఒక విల్లో మొక్కను నాటి, ఐదేళ్ళపాటు నీరు మాత్రమే పోసి పెంచాడు. చెట్టు బరువు సుమారు 74 కిలోలు పెరిగింది, మట్టి బరువు రెండు ఔన్సులు మాత్రమే తగ్గింది. చెట్టు మట్టి తిని పెరగలేదని ఈ ప్రయోగం తిరుగులేకుండా రుజువు చేసింది. కాని ఆ పెరుగుదలంతా నీటిదేనన్న ఆయన నిర్ణయం సగమే నిజం, ఎందుకంటే గాలిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా కొమ్మను ఉంచి, కొన్ని రోజుల తరువాత అదే గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలగడం చూశాడు. 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ ఈ శుద్ధి ఎండలోనే, అదీ ఆకుపచ్చని భాగాలలోనే జరుగుతుందనీ, చీకటిలో మొక్క కూడా జంతువు మాదిరిగానే గాలిని పాడుచేస్తుందనీ చూపించాడు. సెనెబియే కార్బన్ డయాక్సైడు అవసరాన్ని, 1804లో సొస్యూర్ నీటి పాత్రను నిర్ధారించారు. మరొక వైపు లావోయిజే, లాప్లాస్ కలిసి 1782-83 శీతకాలంలో ఒక గినీ పందిని మంచుతో చుట్టిన పాత్రలో ఉంచి, కరిగిన మంచును బట్టి అది వెలువరించిన ఉష్ణాన్ని కొలిచి, శ్వాసక్రియ మంట లేని నిదానపు దహనమని ప్రకటించారు. 1845లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ మేయర్ ఈ రెండు దారులనూ కలిపి, మొక్కలు కాంతిశక్తిని రసాయనశక్తిగా మార్చి నిలువచేస్తున్నాయని శక్తి పరిభాషలో మొదటిసారిగా చెప్పాడు.

అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది. మొక్క విడిచే ఆక్సిజన్ దేనిలోనిది? కార్బన్ డయాక్సైడులోనిదా, నీటిలోనిదా? కార్బన్ డయాక్సైడు చీలి, కార్బన్ నీటితో కలుస్తుందని, ఆక్సిజన్ బయటికి పోతుందని చాలాకాలం నమ్మారు. 1930 ప్రాంతంలో వాన్ నీల్ ఊదారంగు గంధక బాక్టీరియాలను పరిశీలించాడు. ఇవి కాంతిలో కార్బన్ డయాక్సైడును వాడుకుంటాయి గాని, నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడును తీసుకొని, ఆక్సిజన్‌కు బదులు గంధకాన్ని విడుస్తాయి. హైడ్రోజన్ సల్ఫైడు నుండి గంధకం వస్తున్నదంటే, నీటి నుండి రావలసినది ఆక్సిజనే కదా అని ఆయన తర్కించాడు. సాధారణ సూక్ష్మజీవి ఒకటి అంతవరకు ఎవరికీ తోచని సత్యాన్ని ఇంత స్పష్టంగా పట్టి ఇవ్వడం జీవశాస్త్ర చరిత్రలో నేను అత్యంత గౌరవించే ఘట్టాలలో ఒకటి. 1937లో రాబిన్ హిల్ ఆకు నుండి వేరుచేసిన హరితరేణువులకు ఎలక్ట్రాన్లను గ్రహించగల ఒక ఇనుప లవణాన్ని అందిస్తే, కార్బన్ డయాక్సైడుతో పని లేకుండానే కాంతిలో ఆక్సిజన్ వెలువడుతుందని చూపాడు. 1941లో రూబెన్, కామెన్, వారి సహచరులు భారమైన ఆక్సిజన్-18 ఐసోటోపు గల నీటిని క్లోరెల్లా శైవలానికి ఇచ్చి, విడుదలైన వాయువులో ఆ ఐసోటోపునే గుర్తించారు. మనం పీల్చే ఆక్సిజన్ నీటిది. ఈ మాట వెనుక ఉన్న గంభీరమైన అర్థం ఏమిటంటే, కిరణజన్య సంయోగక్రియలో కాంతి చేసే ప్రధాన కార్యం కార్బన్‌తో కాదు, నీటితో. ఎలక్ట్రాన్లను బహు గట్టిగా పట్టుకొని ఉండే నీటి అణువు నుండి వాటిని లాగడమే.

ఈ కార్యం హరితరేణువులో జరుగుతుంది. హరితరేణువును రెండు త్వచాలు ఆవరించి ఉంటాయి. లోపల స్ట్రోమా అనే ద్రవభాగం, అందులో థైలకాయిడ్లు అనే చదునైన తిత్తులు ఉంటాయి. పత్రహరితం ఈ థైలకాయిడ్ త్వచంలో ప్రోటీన్లతో కలిసి క్రమబద్ధంగా అమరి ఉంటుంది. దాని అణువు నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. మన రక్తంలోని హీమ్‌లో దాదాపు ఇలాంటి వలయం నడుమనే ఇనుము ఉంటుంది. 400 నుండి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతి మొక్కకు ఉపయోగపడుతుంది. పత్రహరితం నీలం, ఎరుపు కాంతులను అధికంగా శోషించి, ఆకుపచ్చను తక్కువగా శోషిస్తుంది. ఆకు రంగుకు కారణమిదే. 1882లో ఎంగెల్‌మాన్ శైవల తంతువుపై వర్ణపటాన్ని ప్రసరింపజేసినప్పుడు, ఆక్సిజన్‌ను కోరే బాక్టీరియాలు ఎరుపు, నీలం పడినచోటనే గుమిగూడటం చూసి, ఏ కాంతి పనిచేస్తుందో కంటికి కనిపించేలా నిరూపించాడు.

పత్రహరితం ఒక ఫోటాన్‌ను శోషించినప్పుడు దానిలోని ఒక ఎలక్ట్రాన్ ఉత్తేజితమవుతుంది. ఆ ఉత్తేజం పక్కనున్న అణువులకు సంక్రమిస్తూ చివరకు అభిక్రియా కేంద్రాన్ని చేరుతుంది. ఇటువంటి కేంద్రాలు రెండు రకాలు: 680 నానోమీటర్ల కాంతిని శోషించే రెండవ కాంతివ్యవస్థ, 700 నానోమీటర్ల కాంతిని శోషించే మొదటి కాంతివ్యవస్థ. రెండవ కాంతివ్యవస్థ తన ఎలక్ట్రాన్‌ను కోల్పోయి, ఆ లోటును నీటి నుండి పూరించుకుంటుంది. నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం పరమాణువు గల చిన్న సముదాయం ఈ పనిని నిర్వహిస్తుంది. రెండు నీటి అణువుల నుండి నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు, ఒక ఆక్సిజన్ అణువు వెలువడతాయి. ఆ ఎలక్ట్రాన్లు వాహకాల శ్రేణి వెంట ప్రవహించి మొదటి కాంతివ్యవస్థను చేరి, అక్కడ మరల కాంతిచేత పైకెత్తబడి, చివరకు ఎన్.ఎ.డి.పి.హెచ్. అనే బలమైన క్షయకరణిలో నిలుస్తాయి. ఇలా రెండుసార్లు కాంతి అవసరం గనుక, నాలుగు ఎలక్ట్రాన్లు నడచి ఒక ఆక్సిజన్ అణువు వెలువడాలంటే కనీసం ఎనిమిది ఫోటాన్లు కావాలి.

ఎలక్ట్రాన్లు వాహకాల వెంట ప్రవహిస్తున్నప్పుడు విడుదలయ్యే శక్తి ఏ రూపంలో నిలుస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానమైన పదార్థాన్ని కనుగొన్నవారిలో ఒకరు తెలుగువారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళి, హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. 1925లో వారిద్దరూ దేహద్రవాలలో భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఇది తరువాతి కాలంలో ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలల్లో నిత్యకృత్యమైంది. ఆ పద్ధతితో కండరాన్ని పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అంటే ఎ.టి.పి.ని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమాన్ అదే ఏడాది స్వతంత్రంగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. కండరం పనిచేయడానికి లాక్టిక్ ఆమ్లం ఏర్పడటమే కారణమని అంతవరకు సాగిన సిద్ధాంతం ఈ ఆవిష్కరణలతో సడలిపోయింది. నిశితమైన కొలత ఒక్కటి చేతిలో ఉంటే ప్రతిష్ఠితమైన సిద్ధాంతాన్ని కూడా సరిదిద్దవచ్చునని సుబ్బారావుగారి కృషి నేర్పుతున్నది. మన విజ్ఞాన విద్యార్థులు ఆయన ఔషధ పరిశోధనను స్మరించినంతగా ఈ కృషిని స్మరించకపోవడం విచారకరం.

ఎ.టి.పి. అణువులో మూడు ఫాస్ఫేటు సమూహాలు వరుసగా ఉంటాయి. చివరి ఫాస్ఫేటు వేరై ఎ.డి.పి.గా మారినప్పుడు ప్రామాణిక పరిస్థితులలో ఒక మోలుకు సుమారు 30 కిలోజౌళ్ళ శక్తి విడుదలవుతుంది. కణంలోని వాస్తవ పరిస్థితులలో ఇది 50 కిలోజౌళ్ళ దాకా ఉంటుంది. ఎ.టి.పి. శక్తికి దీర్ఘకాలిక నిల్వ కాదు, నిరంతరం విచ్ఛిన్నమై తిరిగి తయారయ్యే మధ్యవర్తి. ఒక వయోజనుని దేహంలో ఏ క్షణాన చూసినా ఎ.టి.పి. కొద్ది పదుల గ్రాములకు మించదు గాని, అది తిరిగి తిరిగి తయారవడం వల్ల ఒక రోజులో చేతులు మారే మొత్తం దాదాపు ఆ మనిషి బరువుతో సమానం.

ఎలక్ట్రాన్ ప్రవాహం ఎ.టి.పి.ని ఎలా తయారుచేస్తుంది? వీటి నడుమ శక్తిని మోసే ఏదో ఒక రసాయన పదార్థం ఉండి తీరాలని భావించి ఎందరో ఏళ్ళ తరబడి వెదికారు, అది దొరకలేదు. 1961లో పీటర్ మిచెల్ ఆ పదార్థం లేనే లేదన్నాడు. ఎలక్ట్రాన్లు ప్రవహించేటప్పుడు ప్రోటాన్లు త్వచానికి ఒక వైపు నుండి మరొక వైపుకు నెట్టబడి పోగవుతాయి. ఆ గాఢతా భేదమే, అంటే ప్రోటాన్ ప్రవణతే, శక్తి నిల్వ. ఆ ప్రోటాన్లు ఎ.టి.పి. సింథేజ్ అనే ఎంజైము గుండా మాత్రమే తిరిగి రాగలవు, అలా వస్తూ ఎ.టి.పి.ని తయారుచేస్తాయి. శ్రీశైలం జలాశయంలో ఎత్తున నిలిచిన నీరు టర్బైన్ల గుండా దిగుతూ విద్యుత్తును పుట్టించినట్లే ఇది. ఈ సిద్ధాంతాన్ని మొదట చాలామంది అంగీకరించలేదు. 1966లో జాగెన్‌డార్ఫ్ థైలకాయిడ్లను ఆమ్లద్రావణంలో నానబెట్టి, పూర్తి చీకటిలో ఒక్కసారిగా క్షారద్రావణంలోకి మార్చాడు. కాంతి లేకుండానే ఎ.టి.పి. ఏర్పడింది. కాంతి అవసరం ప్రోటాన్ ప్రవణత కోసమే తప్ప ఎ.టి.పి. తయారీకి కాదని తేలింది. మిచెల్‌కు 1978లో నోబెల్ బహుమతి లభించింది.

ఇంకా గొప్ప నిదర్శనం 1974లో రాకర్, స్టోకేనియస్ చూపించారు. ఉప్పు మిక్కుటంగా ఉండే నీటిలో పెరిగే ఒక సూక్ష్మజీవి నుండి, కాంతి సోకితే ప్రోటాన్లను నెట్టే ఊదారంగు ప్రోటీన్‌ను తీసుకున్నారు. పశువు గుండె కండరంలో ఆహారపు ఆక్సీకరణం జరిగే కణభాగాలైన మైటోకాండ్రియా నుండి ఎ.టి.పి. సింథేజ్‌ను తీసుకున్నారు. రెండింటినీ కొవ్వుపదార్థపు త్వచంతో చేసిన కృత్రిమ తిత్తిలో అమర్చి వెలుతురు ప్రసరింపజేయగా ఎ.టి.పి. తయారైంది. కాంతిని పట్టే సూక్ష్మజీవి భాగం, ఆహారాన్ని ఆక్సీకరించే జంతువు భాగం ఒకే తిత్తిలో కలిసి పనిచేశాయి. గ్రహణం, విమోచనం అనే రెండు క్రియల ఏకసూత్రత దీనికన్న స్పష్టంగా వ్యక్తం కావడం కష్టం. ఎ.టి.పి. సింథేజ్ నిజంగానే తిరిగే యంత్రం. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దానికి ప్రకాశించే తంతువునొకదాన్ని తగిలించి, అది గిరగిర తిరగడాన్ని సూక్ష్మదర్శినిలో చూశారు. ఆ ఏడాదే బోయర్, వాకర్‌లకు దీనిపై కృషికి నోబెల్ వచ్చింది. ఒక్కొక్క భ్రమణంలో మూడు ఎ.టి.పి. అణువులు తయారవుతాయి. పాలకూర హరితరేణువులో ఒక భ్రమణానికి 14 ప్రోటాన్లు దిగాలి, పశువు మైటోకాండ్రియాలో 8 చాలు. నమూనా ఒక్కటే, కొలతలు మాత్రం వేరు.

పైన చెప్పిన కాంతి చర్యలో సిద్ధమైన ఎ.టి.పి., ఎన్.ఎ.డి.పి.హెచ్.ల సాయంతో స్ట్రోమాలో కార్బన్ స్థిరీకరణం జరుగుతుంది. దీన్ని నిష్కాంతి చర్య అంటారు గాని, ఇది చీకటిలో జరిగే చర్య అని పొరబడరాదు. కాంతి చర్య ఉత్పన్నాలు అందనిదే ఇది సాగదు గనుక ఆకులో పగలే జరుగుతుంది. కాలిఫోర్నియాలో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ రేడియోధార్మిక కార్బన్-14తో ఈ మార్గాన్ని అంచెలంచెలుగా వెలికితీశారు. ఒక్కొక్క కార్బన్ డయాక్సైడు అణువుకు మూడు ఎ.టి.పి.లు, రెండు ఎన్.ఎ.డి.పి.హెచ్.లు ఖర్చవుతాయి. దీని మొదటి మెట్టును నడిపించే ఎంజైము రూబిస్కో. ఇది సెకనుకు కొద్ది అణువులను మాత్రమే స్థిరీకరించగల మందకొడి ఎంజైము కాబట్టి ఆకు దీన్ని అపారంగా తయారుచేసుకోవాలి. ఆకులోని నత్రజనిలో పెద్ద భాగం ఇందుకే హరితరేణువులలో ఉంటుంది, యూరియా వేసిన చేను పచ్చబడటానికి మూలకారణమూ ఇదే. అంతేకాక రూబిస్కో కార్బన్ డయాక్సైడుకు బదులు అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. అప్పుడు జరిగే కాంతి శ్వాసక్రియలో, స్థిరీకరించిన కార్బన్ కొంత ఎ.టి.పి. లాభం లేకుండానే బయటికి పోతుంది. ఎండ ముదిరేకొద్దీ ఈ నష్టం పెరుగుతుంది; వరి, గోధుమ, వేరుశనగ వంటి మొక్కలలో ఇది నాలుగో వంతు దాకా ఉండవచ్చు.

జొన్న, మొక్కజొన్న, సజ్జ, చెరకు ఈ నష్టాన్ని దాదాపుగా తప్పించుకున్నాయి. చెరకుపై హవాయిలో 1965లో జరిగిన పరిశోధన, ఆ వెంటనే ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్‌ల కృషి, ఈ మొక్కలు కార్బన్ డయాక్సైడును మొదట నాలుగు కార్బన్లు గల ఆమ్లంగా పట్టి, ఈనెల చుట్టూ ఉన్న తొడుగు కణాలలోకి చేర్చి, అక్కడ రూబిస్కో చుట్టూ దాని గాఢతను పెంచుతాయని వెల్లడించాయి. వీటిని సి4 మొక్కలంటారు. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య వి.ఎస్. రామదాస్, ఆయన శిష్యులు ఈ మొక్కలపై విశేష పరిశోధన చేశారు. వేడి, నీటి ఎద్దడి ఉన్న మన మెట్ట నేలలలో జొన్న, సజ్జ తరతరాలుగా నిలిచాయంటే, అందులో ఈ శరీరధర్మానికి ముఖ్యమైన భాగముంది. నాగజెముడు, కలబంద వంటివి మరొక మార్గాన్ని అవలంబించి, పత్రరంధ్రాలను రాత్రి తెరచి కార్బన్ డయాక్సైడును ఆమ్లంగా నిలువచేసుకొని, పగలు వాటిని మూసుకొని వాడుకుంటాయి. తద్వారా నీటిని కాపాడుకుంటాయి.

ఇక శ్వాసక్రియ. ఇది మూడు దశలుగా సాగుతుంది. మొదటి దశ గ్లైకాలసిస్ కణద్రవ్యంలో జరుగుతుంది. గ్లూకోజు రెండు పైరువిక్ ఆమ్లపు అణువులుగా విడిపోయి, నికరంగా రెండు ఎ.టి.పి.లు లభిస్తాయి. రెండవ దశ క్రెబ్స్ వలయం. దీన్ని హన్స్ క్రెబ్స్ 1937లో పావురపు రొమ్ము కండరంపై పరిశోధనతో వివరించాడు. ఈ వలయం మైటోకాండ్రియాలో జరిగి, కార్బన్‌ను పూర్తిగా కార్బన్ డయాక్సైడుగా మార్చి, ఎలక్ట్రాన్లను వాహకాలకు అప్పగిస్తుంది. మూడవ దశలో ఆ ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి త్వచం వెంట ప్రవహించి చివరకు ఆక్సిజన్‌ను చేరి నీటిని ఏర్పరుస్తాయి. దారిలో ప్రోటాన్లు నెట్టబడతాయి, ఎ.టి.పి. సింథేజ్ తిరుగుతుంది. అంటే హరితరేణువు కాంతి బలంతో నీటి నుండి లాగిన ఎలక్ట్రాన్లను మైటోకాండ్రియా తిరిగి ఆక్సిజన్‌కు అప్పగించి నీటిని చేస్తున్నది. ఆక్సిజన్ పాత్ర ఈ చివరి మెట్టులోనే ఉంది, అయినా అది లేకపోతే వెనుకనున్న శ్రేణి అంతా స్తంభిస్తుంది. సయనైడు ప్రాణాంతకం కావడానికి కారణం అది ఈ చివరి ఎంజైమునే బంధించడం. ఆక్సిజన్ అందనప్పుడు కొన్ని కణాలు గ్లైకాలసిస్‌తోనే సరిపెట్టుకొని, పైరువిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగానో ఆల్కహాలుగానో మారుస్తాయి. ఇడ్లీపిండి పులియడం, కల్లు పొంగడం ఇటువంటివే.

శక్తి లెక్కను పరిశీలిద్దాం. 180 గ్రాముల గ్లూకోజు సంపూర్ణంగా ఆక్సీకరణం చెందితే సుమారు 2870 కిలోజౌళ్ళ శక్తి లభ్యమవుతుంది. కణానికి దాని నుండి అణువుకు 30 నుండి 32 ఎ.టి.పి.లు దక్కుతాయి, అంటే మొత్తంలో మూడో వంతు నుండి సగం దాకా పనికి వస్తుంది, మిగిలినది దేహోష్ణమవుతుంది. కిరణజన్య సంయోగక్రియలో ఎరుపు ఫోటాన్లు ఎనిమిదింటిలోని శక్తిలో సుమారు మూడో వంతు పిండిపదార్థంలో నిలుస్తుంది. కాని పొలం మీద పడే సూర్యశక్తి మొత్తంతో పోల్చితే పంటలో నిలిచేది సాధారణంగా ఒక శాతం చుట్టుపక్కలే. వర్ణపటంలో సగం మొక్కకు ఉపయోగపడకపోవడం, మండే ఎండను ఆకు పూర్తిగా వాడుకోలేకపోవడం, కాంతి శ్వాసక్రియ, సొంత శ్వాసక్రియ కలిసి ఈ తగ్గుదలకు కారణాలు. సింగరేణి గనులలో తవ్వితీసే బొగ్గు కూడా సుమారు 25 కోట్ల ఏళ్ళకు పూర్వం ఇదే స్వల్ప శాతం చొప్పున పట్టుబడి, శ్వాసక్రియకూ కుళ్ళుకూ చిక్కకుండా మిగిలిన కాంతిశక్తి.

మొక్క రాత్రింబవళ్ళు శ్వాసిస్తుంది. పగలు కిరణజన్య సంయోగక్రియ వేగం అధికం గనుక బయటికి ఆక్సిజన్ మాత్రమే కనిపిస్తుంది. ఏ కాంతి తీవ్రత వద్ద ఈ రెండింటి వేగాలు సమానమై, వాయువుల మార్పిడి శూన్యంగా తోస్తుందో దాన్ని కాంతి పరిహార బిందువు అంటారు. మొక్క ఆర్జించిన కార్బన్‌లో సుమారు సగం దాని శ్వాసక్రియకే వ్యయమవుతుంది. రాత్రి చెట్టు కింద పడుకోరాదన్న పెద్దల మాటకు ఈ క్రియను కారణంగా చూపడం సరికాదు. ఆరుబయట చెట్టు విడిచే కార్బన్ డయాక్సైడు గాలిలో చెదరిపోతుంది, అదే చోట పడుకున్న మరో మనిషి విడిచేదానికన్న అది హానికరం కాదు.

మూసిన జలాశయాల విషయం వేరు. కృష్ణా, గోదావరి డెల్టాలలోని చేపల, రొయ్యల చెరువులలో నీటిని పచ్చగా చేసే శైవలాలు పగలు ఆక్సిజన్‌ను విడుస్తాయి. మధ్యాహ్నానికి అది సంతృప్త స్థాయిని కూడా దాటవచ్చు. సూర్యాస్తమయంతో ఆ ఉత్పత్తి ఆగుతుంది, శైవలాల, చేపల, అడుగు బురదలోని బాక్టీరియాల శ్వాసక్రియ మాత్రం ఆగదు. 30 డిగ్రీల మంచినీటిలో సంతృప్త స్థాయే లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు, రాత్రంతా తరుగుతూ వచ్చి ఆక్సిజన్ తెల్లవారుజామున కనిష్ఠానికి చేరుతుంది. చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడం, రొయ్యలు గట్టు వారకు చేరడం అప్పుడే కనిపిస్తాయి. నీరు బాగా పచ్చబడిన చెరువులోనే, రెండు మూడు రోజులు మబ్బు కమ్మినప్పుడే ముప్పు ఎక్కువ. పగటి ఆదాయం తగ్గి రాత్రి వ్యయం తగ్గకపోవడమే కారణం. ఏరేటర్లను ఏ వేళల్లో తిప్పాలో, మబ్బు రోజుల్లో మేత ఎందుకు తగ్గించాలో ఈ లెక్క తెలిసిన రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు.

శ్వాసక్రియ వేగం ఉష్ణోగ్రతను అనుసరించి పెరుగుతుంది. సాధారణ పరిధిలో ప్రతి 10 డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్రంలో 1979 నుండి 2003 వరకు గల వాతావరణ వివరాలను పరిశీలించగా, ఎండాకాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి సుమారు పది శాతం తగ్గినట్లు కనిపించింది. దీనికి శ్వాసక్రియ ఒక్కటే కారణమని అనలేము, పుష్పించే దశపై వేడి ప్రభావం కూడా ఉంటుంది. అయినా మన రబీ వరి విషయంలో పగటి గరిష్ఠంతో పాటు రాత్రి కనిష్ఠాన్ని కూడా నమోదుచేసి గమనించడం అవసరం.

కోసిన ధాన్యం కూడా జీవమున్న విత్తనమే. తేమ ఎక్కువైతే దాని శ్వాసక్రియ, దానిపై చేరిన బూజుల శ్వాసక్రియ వేగమందుకుంటుంది. ప్రతి 180 గ్రాముల గ్లూకోజుకు 264 గ్రాముల కార్బన్ డయాక్సైడు, 108 గ్రాముల నీరు, వాటితో పాటు ఉష్ణం వెలువడతాయి. ఆ నీరు రాశిని మరింత తడుపుతుంది, ఆ ఉష్ణం శ్వాసక్రియను మరింత పెంచుతుంది. తడి ధాన్యపు రాశి నడుమ చెయ్యి పెడితే వేడి తగలడం, రెండు మూడు రోజుల్లో గింజ రంగు మారి ముక్కవాసన రావడం ఈ క్రమం వల్లనే. కొనుగోలు కేంద్రాలలో వడ్లకు 17 శాతం తేమను గరిష్ఠ పరిమితిగా పాటిస్తారు, ఎక్కువకాలం నిలువచేయాలంటే 14 శాతానికి లోపు ఆరబెట్టాలి. వాన భయంతో పట్టా కప్పినప్పుడు వాన వెలిసిన వెంటనే దాన్ని తొలగించి రాశిని తిరగవేయడం ఇందుకే ముఖ్యం. పూర్వం జొన్నలను నిలువచేసిన పాతరలు ఇదే సూత్రాన్ని మరొక విధంగా వాడుకున్నాయి. బాగా ఎండిన గింజను నింపి గాలి చొరకుండా మూసినప్పుడు, గింజల, పురుగుల శ్వాసక్రియ లోపలి ఆక్సిజన్‌ను క్రమంగా హరించి కార్బన్ డయాక్సైడును నింపుతుంది. పురుగు చస్తుంది, గింజ మందగించి నిలుస్తుంది. పాతర మూత తీసిన వెంటనే మనిషి లోపలికి దిగరాదన్న కట్టుబాటు ఆ వాయువు వల్ల కలిగే ప్రాణాపాయం నుండి పుట్టినది. నేడు విత్తనాలకూ పప్పుధాన్యాలకూ వాడుతున్న గాలి చొరని ప్లాస్టిక్ సంచులు ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. వాటిని నింపే ముందు గింజ తేమను కొలిచి చూడటం, మూతి బిగించిన తరువాత మధ్యమధ్య తెరవకుండా ఉండటం తప్పనిసరి.